బోర్లించని పళ్లెం

సైప్రస్ బెండ్, మిసిసిప్పి
1994 ఫిబ్రవరి 6

నువ్వు మీ నాన్న పేరు కొట్టేశావు.

నీ పుస్తకం ఆఖరి పేజీ. నూట తొంభై ఒకటి. నానమ్మని సాగనంపిన రోజు చర్చిలో చదివిన కాగితాన్ని ఉన్నదున్నట్టు అందులో దింపావు. ఆవిడ ఎన్ని గంటలకు లేచేదో, ఏం పాడుకుంటూ పొయ్యి వెలిగించేదో, పళ్లెం సంగతి, అన్నీ. తీరా ‘ఆమె వెనక మిగిలినవాళ్లు’ అన్నచోటికి వచ్చేసరికి నీ చెయ్యి ఆగిపోయింది. నేను పదకొండు పేర్లు రాశాను. నీ పుస్తకంలో ఒక్కటీ లేదు. అందులో మొదటి పేరు ఓజెల్. నీ కన్నతండ్రి. నా పెదనాన్న.

అవును, నేనే రాశాను. నేనెవరో గుర్తు రాకపోతే చెబుతాను. మీ బాబాయి కూతురు వర్లీన్‌ని. మూడేళ్ల కిందట నానమ్మ సమాధి దగ్గర వాన పడుతుంటే నీ పై కోటు పట్టుకుని నిలబడ్డది నేనే. తొమ్మిదో తరగతిలో బడి మానేశాను. ఇక్కడి జెల్ల చేపల ఫ్యాక్టరీలో రంపం ముందు నిలబడి తలలు కోస్తాను. నిమిషానికి ముప్పై. ఊళ్లో ఎవరు పోయినా సాగనంపు కాగితం రాసేది నేనే.

నా మాటలు ఎత్తుకుపోయావని ఏడవడం లేదు. మాటలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. గొడవ అది కాదు.

చర్చివాళ్లు జైలు లైబ్రరీకి ఇచ్చిన పుస్తకాల్లో నీ పుస్తకం కూడా వెళ్లింది. అక్కడున్న పెదనాన్న చదివాడు. క్రిస్మస్ ముందు నాకు ఉత్తరం రాశాడు. ఒకటే వాక్యం. ‘మొదటి పేరు నాదే అన్నావు.’ కింద సంతకం కూడా లేదు. ఆ తర్వాత నేను రాసిన రెండు ఉత్తరాలూ విప్పకుండా తిరిగొచ్చాయి. నా చిన్నప్పటి నుంచి నెల తప్పకుండా రాసిన మనిషి. చర్చిలో చదివిన కాగితం ఇదేనని నీ పుస్తకంలో ఉంది, అందుకని నేను పేరు రాయలేదనుకుంటున్నాడు. ఆయన్ని ఇంట్లోంచి తీసేసింది నేనే అనుకుంటున్నాడు.

చేత్తో రాసి పంపితే నమ్మడు. ఆయన దృష్టిలో చేత్తో ఎవడైనా ఏమైనా రాస్తాడు, అచ్చయిందే నిజం.

ఏప్రిల్ పదహారున చికాగోలో మన నల్లవాళ్ల రచయితల సభట. కరపత్రం మా పాస్టరు గారికి వచ్చింది. మీద నీ ఫోటో, దాని పక్కన పళ్లెం గురించి నా ఆరు వాక్యాలు, కింద నీ పేరు. ‘అక్షరం బతుకును మారుస్తుంది’ అని పెద్ద అక్షరాలు. మార్చింది, చూస్తూనే ఉన్నాను.

ఆ రోజు ఆ వేదిక మీద పేజీ మొత్తం చదువు. పదకొండు పేర్లతో. చదువుతావో లేదో నాకు రాయి.

వర్లీన్

*

చికాగో
1994 ఫిబ్రవరి 17

ప్రియమైన చెల్లెలు వర్లీన్‌కు,

నీ ఉత్తరం నన్ను ఎంత కలవరపెట్టిందో చెప్పలేను. ముందుగా క్షమాపణ. ఆ రచన నీదని నాకు నిజంగా తెలియదు.

నువ్వే ఆలోచించు. మన చర్చిల్లో ఆ కాగితాల కింద ఎప్పుడైనా రాసినవారి పేరు ఉంటుందా? తరతరాలుగా ఒకటే ముగింపు: ‘వినయంతో సమర్పించేది, కుటుంబం.’ పాస్టరు గారి భార్య అందరికీ రాసినట్టే నానమ్మకూ రాసి ఉంటుందనుకున్నాను. చదవమని నా చేతికిచ్చారు, చదివాను. దిగి వచ్చాక పెద్దవాళ్లంతా నా చెయ్యి పట్టుకుని ఎంత బాగా రాశావు నాయనా అన్నారు. కాదని ప్రతి ఒక్కరికీ చెప్పే సమయం కాదది. రోజులు గడిచేకొద్దీ ఆ మాటలు నా లోపలివే అనిపించాయి. కుటుంబం సమర్పించింది కదా, నేనూ కుటుంబమే కదా అనుకున్నాను. పొరపాటే. కానీ దొంగతనం కాదు, అది నువ్వు నమ్మాలి.

ఇక పేర్ల జాబితా. పాఠకులకు తెలియని పేర్లు చివరి పేజీ బరువును చెదరగొడతాయని ప్రచురణకర్త అన్నారు. అది శిల్పానికి సంబంధించిన నిర్ణయం.

ఒక్క మాట మాత్రం నువ్వు తెలుసుకోవాలి. ఆ పళ్లెం ఎంత దూరం వెళ్లిందో! ఒక విమర్శకుడు దాన్ని పేదవాడి ఇంట్లో దేవుడికి వేసిన విస్తరి అన్నాడు. డెట్రాయిట్‌లో ఒక బస్సు డ్రైవరమ్మ ఆ పేజీ చదివి, నలభై ఆరో ఏట రాత్రి బడిలో చేరిందట. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. తర్వాతి ముద్రణలో కృతజ్ఞతల పేజీలో నీ పేరు తప్పక వేయిస్తాను.

నువ్వు సభకు రా. టిక్కెట్టు పంపుతాను. నాలుగు వందల మంది నల్లవాళ్లు ఒక్కచోట కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుకోవడం నువ్వు చూడాలి.

ప్రేమతో
నీ అన్న డెలానో

*

సైప్రస్ బెండ్
1994 ఫిబ్రవరి 27

రెండు పేజీలు రాశావు. నాన్న అన్న మాట ఒక్కసారి కూడా లేదు. వెతికాను.

పళ్లెం దేవుడికా? ఆ విమర్శకుణ్ణి ఒకసారి మా ఊరు పంపు. దేవుడికి మా నానమ్మ పంది మాంసం వేసిన ఆకుకూర పెట్టేదా? కారం సీసా పక్కన పెట్టేదా? అది మీ నాన్న పళ్లెం. ఆయన్ని తీసుకెళ్లిన రోజు మధ్యాహ్నం నుంచి, ఇరవై ఏళ్లు, ఆదివారం ఆదివారం బల్ల మీద పెట్టింది. అందరి పళ్లాలూ కడిగి బోర్లించేది, అదొక్కటి వెల్లకిలా ఉంచేది. ‘ఎవరికే నానమ్మా?’ అంటే ‘ఆలస్యంగా వచ్చేవాడికి’ అనేది. నా కాగితంలో పేర్లు ఎలా మొదలవుతాయో నీకు తెలుసు: ‘పెద్దకొడుకు ఓజెల్, ఆయన పళ్లెం ఇంకా బోర్లించలేదు.’ ఆ పేరు పీకేశావు కాబట్టే పళ్లెం దేవుడి పాలయింది.

నేను చదువుకున్నదే సాగనంపు కాగితాల్లో. నానమ్మ టోపీ పెట్టెలో నూట అరవై దాకా ఉండేవి. ఆవిడకి చదవడం రాదు. భోజనాలయ్యాక ఒకటి తీసి నా చేతిలో పెట్టి ‘చదవవే’ అనేది. నేను కూడబలుక్కుని చదువుతుంటే మధ్యలో అడ్డం పడేది. ‘డీకన్ అమోస్ సౌమ్యుడా? ఎవరు రాశారే అది! కోడిపుంజుని చూసినా తిట్టేవాడు. పోనీలే, చచ్చినవాడు, కానియ్.’ అలా కూడబలుక్కునే మాట నేర్చుకున్నాను, అబద్ధమాడే మాట ఎలా ఉంటుందో కూడా నేర్చుకున్నాను.

ఇప్పుడు ఫ్యాక్టరీలో నా పక్క రంపం క్లోటీల్ అత్తది. బతికుండగానే తన కాగితం నా చేత రాయించుకుంది. ‘చచ్చాక నువ్వేం రాశావో నాకెలా తెలుస్తుందే? ఇప్పుడే వినిపించు. నడుము కొలత మాత్రం తగ్గించి రాయి’ అంది. తిండి వేళ చదివి వినిపించాను. బాత్రూముకి పోవాలన్నా సూపర్‌వైజర్ని అడుక్కునే ఆడవాళ్లు పన్నెండు మంది, నోట్లో ముద్ద పెట్టుకోకుండా విన్నారు. మర్నాడు క్లోటీల్ అత్త అడక్కుండానే బాత్రూముకి నడిచి వెళ్లింది. ‘నా కాగితంలో ఎవరికీ తల వంచలేదని రాసుంది, మరి అబద్ధం చెయ్యమంటారా?’ అంది. అక్షరం బతుకును మార్చడం అంటే నాకు తెలిసింది అంత.

ఇక నీ ప్రచురణకర్త. నీ మాట నమ్మేదాన్నే, ఇంకో కాగితం చూడకపోయుంటే.

నేను చేత్తో రాసిన కాగితాన్ని అచ్చాపీసుకి తీసుకెళ్లింది నువ్వు. చదువుకున్నవాడివి, తప్పులు దిద్దిస్తావని మా నాన్న నీకిచ్చాడు. సాగనంపు పొద్దున రెండు వందల కాపీలు పెట్టెలో వచ్చాయి. పదకొండు పేర్లు రాశాను, పది అచ్చయ్యాయి. ఆ రోజు నీ పక్కన ప్రచురణకర్త ఎవడూ లేడు.

నేను అప్పుడే చూశాను. నువ్వు నల్ల సూటులో మెట్ల మీద నిలబడి అందరితో చేతులు కలుపుతున్నావు. పెట్టె మూసి నోరు మూసుకున్నాను. ఇరవై ఏళ్లదాన్ని, నువ్వు పెద్ద చదువు చదివినవాడివి. ఆ నోరు ఇప్పుడు తెరిచాను.

ఎందుకు తీశావు? శిల్పం గురించి కాకుండా చెప్పు.

వర్లీన్

*

చికాగో
1994 మార్చి 13

వర్లీన్,

మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది నాలుగోది.

మా నాన్న ఒక మనిషిని చంపాడు. పత్తి మిల్లు వెనక, పదిమంది చూస్తుండగా. నువ్వప్పటికి పుట్టలేదు. నాకు తొమ్మిదేళ్లు. చొక్కా మార్చుకోవడానికి ఇంటికి వచ్చాడు. గుండీలు పెట్టుకోవడానికి చేతులు సహకరించలేదు. నేను పెట్టాను. ఆ నెలలోనే అమ్మ నన్ను తీసుకుని రైలెక్కింది.

ఇక్కడ కొత్త బడిలో టీచరమ్మ ఒక్కొక్కరినీ లేపి మీ నాన్న ఏం చేస్తారని అడిగింది. చచ్చిపోయాడన్నాను. ఆవిడ వచ్చి నన్ను దగ్గరికి తీసుకుంది. తరగతి గదిలో అంతమంది ముందు ఒక పెద్ద మనిషి నన్ను హత్తుకోవడం అదే మొదటిసారి. ఆ అబద్ధానికి అంత వెచ్చదనం ఉంటుందని నాకేం తెలుసు? కాలేజీ దరఖాస్తులో అదే రాశాను. పుస్తకం అట్ట వెనక అదే ఉంది. ‘తొమ్మిదో ఏట తండ్రిని కోల్పోయిన డెలానో.’ ఇప్పుడు ఆయన బతికున్నాడంటే నేను రాసిన ప్రతి వాక్యాన్నీ ఎవడో ఒకడు తిరగేసి చూస్తాడు. నాకున్నది ఆ వాక్యాలే.

అచ్చాపీసులో టైపు కొట్టేవాడికి నేనే చెప్పాను. ఆ ఒక్క పంక్తి వదిలెయ్యమని. ‘చనిపోయాడా అండీ?’ అన్నాడు. అవునన్నాను.

ఇంక నన్ను ఒక మాట అడగనివ్వు. రెండు వందల కాపీలు నీ చేతికి వచ్చాయి. ఆ పొద్దునే నీకు తెలుసు. మరి ‘మొదటి పేరు నీదే’ అని ఆయనకు ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఈ మూడేళ్లలో ఆ కాగితం ఒక్కటి ఆయనకు ఎందుకు పంపలేదు? నన్ను నిలదీస్తున్నావు, సరే. ఆయన్ని మోసం చేసింది నా పుస్తకమా, నీ ఉత్తరమా?

సభలో ఆ పేజీ చదవను. వేరే అధ్యాయం చదువుతానని నిర్వాహకులకు చెప్పేశాను. దయచేసి నువ్వు రావద్దు.

డెలానో

*

సైప్రస్ బెండ్
1994 మార్చి 20

నేనే రాశాను. సాగనంపు అయిన మర్నాడు రాశాను.

తల్లిని పూడ్చడానికి ఆయన్ని వదల్లేదు. కాగితం పంపవే, అమ్మని అందులో చూసుకుంటాను అని రాశాడు. పది పేర్ల కాగితం ఎలా పంపను? పిన్నులు కొట్టిన కాగితాలు లోపలికి రానివ్వరట పెదనాన్నా అని రాశాను. అది అబద్ధం. మొదటి పేరు నీదే అని రాశాను. అది నేను రాసినంత వరకు నిజం, అచ్చయినంత వరకు అబద్ధం. మూడేళ్లు ఆయన దాని మీద బతికాడు. నీ పుస్తకం వెళ్లి దాన్ని బయటపెట్టింది. నువ్వు అడిగింది న్యాయమే. రాత్రి నుంచి అదే నములుతున్నాను.

ఒక్కటి మాత్రం చూడు. నేను నీ అబద్ధాన్ని కాయడానికే నా అబద్ధం చెప్పాను. కొడుకే కొట్టేశాడని ఆయనతో చెప్పలేకపోయాను. ఇప్పటికీ చెప్పలేదు. తీసింది నేనే అనుకుంటున్నా పడుతున్నాను.

సభకి వస్తున్నాను. నీ టిక్కెట్టు వద్దు. క్లోటీల్ అత్తా నేనూ బస్సుకి వస్తాం. ఆవిడ అడిగింది, ‘రచయితలు కూడా మనలాగే తింటారా, ఏమైనా వేరేనా?’ అని. చూసి చెబుతానన్నాను.

కేకలు వేయను. వెనక వరసలో కూర్చుంటాను. నేను అక్కడ ఉన్నానని నీకు తెలిస్తే చాలు.

వర్లీన్

*

చికాగో
1994 ఏప్రిల్ 24

నా చెల్లెలు వర్లీన్‌కు,

వారమైంది, ఇంకా ఆ హాలులోంచి బయటికి రాలేదు నేను. నువ్వు బస్సు వేళయిందని వెళ్లిపోయావు, నీతో సరిగ్గా మాట్లాడనైనా లేదు.

నేను చెప్పగలనని నాకే తెలియదు. చెప్పాక నాలుగు వందల మంది లేచి నిలబడడం నువ్వు చూశావు. ఆ పేజీ నాది కాదని, రాసిన మనిషి వెనక వరసలో ఉందని అన్నప్పుడు తలలన్నీ నీ వైపు తిరిగాయి. ఆ ముఖాలు నాకు జీవితాంతం గుర్తుంటాయి. మర్నాడు ముగ్గురు నా దగ్గరికి వచ్చి, తమ తండ్రులు కూడా లోపల ఉన్నారని, ఎవరికీ చెప్పలేదని చెప్పుకున్నారు. ఇరవై మూడేళ్ల బరువు దిగింది. ఈ వారం పసిపిల్లాడిలా నిద్రపోతున్నాను.

ప్రచురణకర్తకు ఫోన్ చేశాను. కొత్త ముద్రణలో పదకొండు పేర్లూ ఉంటాయి, నీ పేరుతో సహా. ఇంకో విషయం. నాన్న గురించి ఒక పుస్తకం రాయమని అడుగుతున్నారు. ఆయన, నేను, ఈ మౌనం. నీ దగ్గర ఆయన పాత ఉత్తరాలు ఉంటాయి కదా. నకళ్లు పంపగలవా? మొదటి అధ్యాయం అప్పుడే మనసులో కదులుతోంది.

నీ రుణం తీర్చుకోలేనిది.

ప్రేమతో
అన్న డెలానో

*

సైప్రస్ బెండ్
1994 మే 8

పంపను. ఒక్కటి కూడా పంపను.

నాలుగు వందల మందికి చెప్పావు. ఆయనకి చెప్పలేదు.

ఆ రోజు నేనేం చూశానో రాస్తాను. నీ ఉత్తరంలో సగమే ఉంది.

సంతోషం వేసింది, దాచను. ఒక ముసలాయన పోర్టరు పని చేస్తూ రాసిన పద్యాలు చదివాడు, చూడకుండా. పదహారేళ్ల పిల్ల వణుకుతూ వాళ్లమ్మ గురించి చదివితే హాలు మొత్తం ‘నిదానం తల్లీ, నిదానం’ అంది, మన చర్చిలో అన్నట్టే. పక్కన కూర్చున్నావిడ ‘నువ్వేం రాస్తావమ్మా?’ అని అడిగింది. ‘చచ్చినవాళ్లని రాస్తాను’ అన్నాను. ఆవిడ నవ్వలేదు. ‘కష్టమైన పని’ అంది. ఇన్నేళ్లలో నా రాతని ఎవరైనా పని అనడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం మేం ఒళ్లో పళ్లాలు పెట్టుకుని తింటుండగానే తెల్ల తలపాగా పెద్దావిడ నీళ్ల కూజా తీసుకుని వేదిక ఎక్కింది. పోయినవాళ్ల పేర్లు పిలిచి మొక్క కుండీలో నీళ్లు పోసే తంతు. జనం తలా ఒక పేరు అరుస్తున్నారు, మనం ఆమెన్ అన్నట్టు ‘ఆషే’ అంటున్నారు, ఆవిడ పోస్తోంది. నేను నానమ్మ పేరు చెప్పాను. క్లోటీల్ అత్త ముగ్గురు మొగుళ్ల పేర్లూ చెప్పి, ‘మూడోవాడికి కొంచెం తక్కువ పొయ్యండి’ అంది. తర్వాత ఆవిడ వేదిక మీద కూర్చున్న రచయితల్ని ఒక్కొక్కరినే అడగసాగింది. నీ దగ్గర ఆగింది. చేతిలో ఉన్న కాగితంలో చూసి అంది, ‘తొమ్మిదో ఏట తండ్రి పోయినవాడివి. మీ నాన్న పేరు చెప్పు నాయనా, నీళ్లు పోస్తాను.’

అరవనని నీకు రాశాను. అరవకుండా ఉండడానికి క్లోటీల్ అత్త మోచెయ్యి పట్టుకున్నాను, ఇప్పటికీ కమిలి ఉంది. నువ్వు ఆయన పేరు చెబితే ఆ కుండీలో ఆయన్ని పూడ్చేసినట్టే. నువ్వు నోరు తెరిచావు, మూశావు. వెనకనుంచి ఎవరో ‘నిదానం బాబూ’ అన్నారు. ఆవిడ కూజా వంచింది. అప్పుడన్నావు, ‘పొయ్యకండమ్మా. మా నాన్న బతికే ఉన్నాడు.’

ఆ తర్వాతదే నీకు గుర్తుంది. చప్పట్లు, నా పేజీ, నా వైపు తిరిగిన తలలు. అప్పుడు నా నోట్లో కోడి కాలుంది, వాళ్లు చూసింది అది. మాటల గురించి ఏడవనని రాశాను కదా, అదీ అబద్ధమే. నా పేరు విన్నాక చేతులు తుడుచుకోవడం మర్చిపోయి ఏడ్చాను.

చప్పట్లకి ముందు ఒక మాటుంది. నువ్వు రాయలేదు. పెద్దావిడ కూజా నిటారుగా పట్టుకుని నీ మొహంలోకి చూసి అంది, ‘బతికున్నవాడికి నీళ్లు గ్లాసులో ఇస్తారు నాయనా. చేతికి ఇస్తారు.’ మైకు దూరంగా ఉంది. ముందు వరసలకి వినబడి ఉంటుంది. నాకు పెదాలే కనిపించాయి, దగ్గర కూర్చున్నవాళ్లు తర్వాత చెప్పారు. నీకు మూరెడు దూరంలో అంది. విన్లేదని చెప్పకు.

మే ఒకటిన నేను జైలుకి వెళ్లాను. వస్తాడని నమ్మకం లేదు. వచ్చాడు. చిక్కిపోయాడు, పైన పళ్లు లేవు. కూర్చోగానే చెప్పేశాను, పిన్నుల మాట అబద్ధమని, పది పేర్లే అచ్చయ్యాయని. ఎవరు తీశారో చెప్పలేదు. ఆయనే అన్నాడు.

‘పిన్నులు తీసి లోపలికి ఇస్తారే పిల్లా. వచ్చే ప్రతి ఉత్తరానికీ తీసే ఇస్తారు. నాకు అప్పుడే తెలుసు.’

‘మరి తెలిసీ నమ్మావా?’

‘నమ్మాలనుకున్నాను. పుస్తకంలో చూశాక ఇంక కుదర్లేదు.’

అప్పుడు ‘వాడు బాగా రాస్తాడా?’ అన్నాడు. బాగానే రాస్తాడన్నాను. ‘నా చొక్కా గుండీల సంగతి రాశాడా?’ అన్నాడు. లేదన్నాను. ‘కింది నుంచి పైకి పెట్టాడు. చివరికి ఒకటి ఎక్కువైంది. విప్పి మళ్లీ పెట్టాడు, బయట పోలీసులు నిలబడి ఉంటే. తొందరపడలేదు వాడు’ అన్నాడు. తర్వాత బల్ల మీద చేతులు పెట్టి వాటినే చూస్తూ కూర్చున్నాడు. చంపిన మనిషి పేరు చెప్పి, ‘వాడికీ ఒక కొడుకుండేవాడు. నా కొడుకు పుస్తకం అట్ట వెనక నేను పోయానన్నాడంటే నేనేం అనగలనే’ అన్నాడు.

ఆయనకి తెలుసు అన్నా. ఇన్నాళ్లూ తెలుసు.

లోపలికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర గార్డు నా పేరు వెతకడానికి ఆయన చీటీ తీశాడు. ఒక్కో ఖైదీ తనని చూడ్డానికి రాదగ్గవాళ్లు పదిమంది పేర్లు రాసివ్వాలి. ప్రతి జనవరిలో కొత్తగా, చేత్తో రాయాలి. నా పేరు నాలుగోది. మొదటి పేరు నీది. ‘డెలానో, కొడుకు.’ గార్డు వేలు పెట్టి, ‘ఈ మొదటాయన ఒక్కసారీ రాలేదు. తీసేసి ఇంకొకరిని రాసుకోరాదా అని ప్రతి ఏడూ చెబుతాం. వినడు’ అన్నాడు. ఇరవై మూడు జనవరులు. ఆ పేరు ఎవరూ కొట్టెయ్యలేదు.

పుస్తకం తర్వాత రాసుకో. రాయి, రాయకపో. ముందు జూన్ అయిదు ఆదివారం రా. మొదటిసారి వచ్చేవాళ్ల కాగితం రెండు వారాల ముందు గేటు దగ్గర ఇవ్వాలి. ఇందులో పెట్టాను. మూడు గీతలున్నాయి. నీ పేరు, పుట్టిన తేదీ, ఖైదీకి ఏమవుతావు.

నూట తొంభై ఒక్క పేజీలు రాసినవాడివి. మూడో గీత మీద ఒక్క మాట రాసి పంపు. మే ఇరవై, శుక్రవారం లోపు నా చేతికి అందాలి.

వర్లీన్